గాజు గిన్నెలో చేప, అమ్మ నెత్తిన చాకిరీ

పుట్టినరోజు పార్టీలో రిటర్న్ గిఫ్ట్ అంటూ ప్లాస్టిక్ సంచిలో గోల్డ్ ఫిష్‌లను కట్టి పిల్లల చేతికివ్వడం నాకు అస్సలు నచ్చదు. ఇచ్చినవాళ్లకి సరదా. ఆ రాత్రి ఖాళీ పచ్చడి జాడీ వెతికేదీ, మర్నాడు గుండ్రటి గాజు గిన్నె కొనేదీ, నాలుగో రోజున తేలిన చేపని తీసిపారేసి పిల్లాడు స్కూలు నుంచి వచ్చేలోగా అలాంటిదే ఇంకోటి తెచ్చి వేసేదీ అమ్మే. పిల్లాడికి తెలిసేదల్లా, చేపంటే పోతే మళ్లీ కొనుక్కునే వస్తువని.

"ఇంతోటి చేపకి అంత తొట్టి ఎందుకు?" అని మగవాళ్లు అడుగుతారు చూడండి, అక్కడే ఉంది చిక్కంతా. చేప తినేదీ, విసర్జించేదీ, ఊపిరి తీసేదీ ఆ నీళ్లలోనే. దాని మొప్పల నుంచీ, మలం నుంచీ అమ్మోనియా వస్తుంది. అది విషం. మూడు లీటర్ల గిన్నెలో ఒక్క రోజులో పేరుకుంటుంది, యాభై లీటర్లలో పలచబడుతుంది. పైగా గుండ్రటి గిన్నెని మెడదాకా నింపితే గాలి తగిలే నీళ్ల వెడల్పు సాసరంత. 2005లో రోమ్ నగరంలో ఇలాంటి గిన్నెల్లో చేపల్ని ఉంచడాన్ని నిషేధించారు. మనకి చట్టం దాకా అక్కర్లేదు, కొనకపోతే చాలు.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో దాదాపు 56 లీటర్లు పడతాయి. నా లెక్కలో ఇంట్లో పెట్టుకోదగ్గ తొట్టి అక్కడే మొదలు. ఆరేడు మగ గప్పీలో (ఆడవి కూడా కొన్నారో, రెండు నెలల్లో వీధంతా పంచిపెట్టాలి), ఓ ఎనిమిది నియాన్ టెట్రాలో అందులో హాయిగా ఉంటాయి. టెట్రాలు గుంపులో బతికేవి, రెండే కొంటే బెదిరి మూల నక్కుతాయి. ఫైటర్ చేప ఒంటరిది. పైకొచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి కొట్లో గాజు గ్లాసులో పెట్టి అమ్ముతారు. చావకుండా ఉండటం వేరు, బతకడం వేరు కదా! దానికీ కనీసం ఇరవై లీటర్లు కావాలి. గోల్డ్ ఫిష్ అయితే జానెడు పెరుగుతుంది, పదేళ్లు పైన బతుకుతుంది. ఈ తొట్టి కూడా దానికి చాలదు.

మన శుభ్రమే చేపల పాలిట శత్రువు. ఫిల్టర్ స్పాంజికీ, గులకరాళ్లకీ పట్టే జిగురులో ఉండే బ్యాక్టీరియానే అమ్మోనియాని విరగ్గొట్టేది. అంట్లు తోమినట్టు అన్నీ పీచుపెట్టి రుద్దేసి, కుళాయి నీళ్లు నింపామంటే ఆ బ్యాక్టీరియా పోతుంది, పైగా క్లోరిన్ చేరుతుంది. గిన్నె అయితే అలా కడగక తప్పదు, రోజు విడిచి రోజు. పెద్ద తొట్టికి వారానికి పావు వంతు నీళ్లు మారిస్తే చాలు. ఆ నీళ్లని ముందురోజే బకెట్‌లో పట్టి ఉంచాలి, లేదా కొట్లో దొరికే క్లోరిన్ మందు చుక్కలు వేయాలి. స్పాంజిని తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే జాడించాలి.

తొట్టి కొన్నరోజే చేపల్ని తేవద్దు. నీళ్లు పోసి, ఫిల్టర్ పెట్టి, రోజూ చిటికెడు మేత వేస్తూ నాలుగైదు వారాలు ఆగితే ఆ బ్యాక్టీరియా పుట్టుకొస్తుంది. అన్నిటికీ మీనమేషాలు లెక్కించొద్దంటారు గానీ, మీనాల విషయంలో లెక్కించాల్సిందే. తొట్టి ఏ మూల పెట్టాలో వాస్తు చెప్పేవాళ్లు చెబుతారు. నేను చెప్పేదల్లా ఎండ పడే కిటికీ దగ్గర వద్దని. ఎండకి నాచు పట్టి, నీళ్లు వేడెక్కుతాయి. ఈ చేపలకి 25 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే సుఖం. నీళ్లే 56 కిలోల బరువు, కాబట్టి గట్టి బల్ల చూసుకోండి.

ఇక పావు వంతంటే ఒక బకెట్. ప్రతి ఆదివారం దాన్ని మోసేదెవరు? చేపలు కావాలన్న పిల్లలా, సరేనన్న నాన్నా? కొట్టుకి బయల్దేరకముందే తేల్చుకోండి. ఎవరూ నోరు మెదపకపోతే ఆ డబ్బుతో ఇంకేదైనా కొనుక్కోండి.