కుక్కపిల్లను తెచ్చేముందు ఇంటామెను అడిగినారా?

వారం దినాలుగా మా ఇంట్లో ఒకటే పంచాయితీ. కుక్కపిల్లను తెచ్చుకుందామా, వద్దా అని. నేను తెద్దామంటా, మా ఇంటామె వద్దంటాది. మీ ఇండ్లల్లో కూడా ఇది జరిగే ఉంటాది కాబట్టి రాస్తాండా.

ముందు నా పక్క మాట. మన కుందుర్పి పక్క గుట్టల కింద చేను ఉన్నోళ్లకు చెప్పాల్సిన పని లేదు. శనక్కాయ ఊడలు దిగి కాయ పట్టేటప్పటికి అడవి పందులు ఒక్క రాత్రిలో సాళ్లకు సాళ్లు తవ్వేస్తాయి. టార్చి పట్టుకోని ఒక్కడే ఎంతసేపని మేలుకుంటాం? కుక్క ఉంటే మనకంటే ముందు దానికి తెలుస్తాది. అయితే ఎలుగుబంటి వస్తే మాత్రం కుక్కను ఉసిగొల్పొద్దప్పా. అది మొరిగి, భయపడి మన దగ్గరికే ఉరికొస్తాది, దాని వెనకాలే ఎలుగూ వస్తాది. చిరుత తిరిగే తావులో రాత్రి కట్టేసి వచ్చినారంటే మీరే మేత పెట్టినట్టు.

ఇంక ఆమె మాట. "తెచ్చేది నువ్వు, సంగటి కెలికి ముద్ద పెట్టేది నేను. అదన్నా చేస్తా. మళ్ళా బెంగళూరుకు పోవాల్సి వస్తే?" అనింది. దానికి నా దగ్గర జవాబు లేదు.

కొన్నేండ్ల కింద వాన రాక చెట్టు నిలువునా ఎండిపోతే ఇద్దరమూ బెంగళూరుకు కట్టడం పనికి పోతిమి. అప్పుడు మాకొక కుక్క ఉండె. పక్కింటోళ్లకు ఇంత రాగిపిండి ఇచ్చి, చూసుకోండి అని చెప్పి బస్సెక్కితిమి. బస్సు వెనకాల చానా దూరం ఉరికె అది. నాలుగు నెలలకు తిరిగొస్తే లేదు. రోజూ పోయి బస్సు ఆగే తావులోనే పండుకునేదంట. పక్కింటోళ్లను నేను తప్పు పట్టను, ఆ ఏడు వాళ్ల కడుపే వాళ్లకు బరువు. నేను మర్చిపోయినా. ఆమె మర్చిపోలేదని మొన్ననే తెలిసింది.

మొగోళ్లం ఏమంటాం? "ఏముందిలే, ఇంత కూడు పడేస్తే చాలు" అంటాం. ఆ ఇంత కూడు పది పన్నెండేండ్లు పెట్టాల. పెట్టేది ఎవరు? కాబట్టి ఈ విషయంలో ఆమె మాటకే బరువు ఎక్కువ అని నేను ఒప్పుకుంటాండా. వలస పోవాల్సి వస్తే ఎవరికి అప్పజెప్పాలో ఇప్పుడే అనుకోని తెచ్చుకోండి, లేదంటే తేవద్దు. గుంపులుగా తిరిగి గొర్రెపిల్లలను పట్టే కుక్కలను తిడతాం గానీ, వాటిలో మనం వదిలేసి పోయినవి ఎన్నో!

సూది సంగతి కూడా. పిల్లకు మూడు నెలలు నిండినాక రేబిస్ టీకా, తర్వాత డాక్టరు చెప్పినట్టు ఏటా. జూలై 6న జూనోసిస్ దినం అని పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. ఏ కుక్క కరిచినా కారంపొడి, సున్నం పూయొద్దు. సబ్బు పెట్టి పారే నీళ్లలో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోండి. ఆ దినం, 3వ, 7వ, 28వ దినం సూదులు వేస్తారు, ఒక్కటి కూడా మానొద్దు. జబ్బు బయటపడినాక ఎవరూ ఏమీ చేయలేరు.

నిన్న రాత్రి ఆమే అడిగింది, వీధి చివర కుక్క పిల్లలు పెట్టింది కదా, కండ్లు తెరిచినాయా అని. పొద్దున పోయి చూసొచ్చినా, తెరిచినాయి. అందరూ మొగపిల్లలకే చెప్పి పెట్టుకున్నారు, మిగిలింది ఒక ఆడపిల్ల. దాన్ని తెద్దామంటాది, ఆపరేషన్ ఖర్చు మాత్రం నాదంట. రెండు నెలలు తల్లి దగ్గర పాలు తాగనీ అనింది. ఈ లోపల నేను మా చిన్నాయన కొడుకుతో మాట్లాడాల, మేము ఊర్లో లేకుంటే చూసుకుంటావా అని. వాడు సరే అంటేనే పిల్ల ఇంటికి వస్తాది.