హుకుం వేరు, ఫత్వా వేరు

‘అధిష్ఠానం ఫత్వా జారీ చేసింది’ వంటి వాక్యాలు తెలుగు పత్రికా పాఠకులకు కొత్త కావు. ఎదురు చెప్పడానికి వీల్లేని నిరంకుశమైన ఆజ్ఞ అన్నదే అక్కడ ఆ మాటకు అర్థం. 1989లో సల్మాన్ రష్దీపై ఇరాన్ నేత ఖొమేనీ చేసిన ప్రకటన తరువాత ఈ అర్థమే లోకమంతటా వ్యాపించింది.

అసలు ఫత్వా అంటే అడిగిన ప్రశ్నకు ధర్మవేత్త చెప్పే సమాధానం. అడిగేవారు ముస్తఫ్తీ, చెప్పేవారు ముఫ్తీ. ఉభయపక్షాలనూ విచారించి తీర్పు చెప్పే ఖాజీ పని వేరు.

దివ్య ఖుర్‌ఆన్‌లో ఈ ధాతువు నుండి పుట్టిన క్రియలు పలు సందర్భాల్లో వచ్చాయి. నిసా సూరాలో స్త్రీల విషయమై, వారసత్వం విషయమై విశ్వాసులు ప్రవక్త (స)ను అడిగిన చోట వచ్చాయి. యూసుఫ్ సూరాలో రాజు తన కలకు అర్థం చెప్పమన్నప్పుడు వచ్చింది. నమ్ల్ సూరాలో, సులైమాన్ (అ) లేఖ అందుకున్న సబా రాణి తన సభాప్రముఖుల సలహా కోరినప్పుడు వచ్చింది. వారు తమ మాట చెప్పి, నిర్ణయాన్ని ఆమెకే విడిచిపెట్టారు. అల్లాహ్ ఇచ్చిన సమాధానం విశ్వాసికి శిరోధార్యం. ముఫ్తీ చెప్పేది మాత్రం ఆయన పాండిత్యానికి తోచిన అభిప్రాయం. అందుకే ఒకే ప్రశ్నకు ఇద్దరు ముఫ్తీలు భిన్నంగా సమాధానం చెప్పగలరు.

పత్రికలను తప్పుపట్టి ఊరుకుంటే సరిపోదు. ఆ తప్పుడు అర్థాన్ని మనలోనూ కొందరు వాడుకుంటున్నారు. భార్యను వెళ్లగొట్టదలచినవాడు, సోదరికి వాటా ఎగ్గొట్టదలచినవాడు తనకు అనువుగా ప్రశ్న రాసి, వచ్చిన కాగితాన్ని తీర్పులా చూపుతున్నాడు. ముఫ్తీ సాక్షులను విచారించరు. ముందున్న ప్రశ్నకే సమాధానం రాస్తారు. ప్రశ్నలో సగం నిజమే ఉంటే, సమాధానమూ ఆ సగానికే వర్తిస్తుంది.

2014 జూలైలో విశ్వలోచన్ మదన్ కేసులో సుప్రీంకోర్టు ఫత్వాకు చట్టబలం లేదనీ, దానిని ఎవరిపైనా బలవంతంగా రుద్దరాదనీ స్పష్టం చేసింది. సంబంధం లేనివారు అడిగితే ఒక వ్యక్తి హక్కులకు సంబంధించి ఫత్వా ఇవ్వకపోవడం మేలని సూచించింది. కొందరు దీనిని ధర్మంలో జోక్యంగా భావించారు. కానీ ఫత్వా అభిప్రాయమే అన్న మాట మన ఫిఖ్హ్ సంప్రదాయానికి కొత్త కాదు. ఈ తీర్పు వల్ల నిస్సహాయులైన స్త్రీలకు ఒక అండ దొరికింది.

కనుక సంపాదకులకు ఒక మనవి: ఆజ్ఞ అని రాయదలిస్తే హుకుం ఉంది, ఫర్మానా ఉంది. రెండూ తెలుగు ఏనాడో తనవి చేసుకున్న మాటలే. మన కుటుంబాలకు మరొక మనవి: ఎవరైనా ఫత్వా కాగితం చూపితే, ముందుగా ప్రశ్న భాగం చదవండి. అడిగింది ఎవరు? ఏమని అడిగారు? ఎవరి బ్రతుకు దానిపై ఆధారపడి ఉందో, ఆమె మాట అందులో ఉందా? ఈ మూడింటికీ జవాబు దొరికే వరకు ఆ కాగితం పేరిట ఏ ఆడపిల్లనూ గడప దాటించకండి.