పాట నేర్పిండ్రు సరే, వేదికేది?

హైదరాబాద్ రాంకోఠిలో త్యాగరాజ ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల ఉన్నది. సికింద్రాబాద్‌లో భక్త రామదాసు కళాశాల, వరంగల్‌లో విద్యారణ్య కళాశాల ఉన్నయి. సర్టిఫికెట్‌కు 4 ఏండ్లు, డిప్లొమాకు మరో 2 ఏండ్లు. ఈ 6 ఏండ్లలో ఒక పిల్ల ఎన్నిసార్లు నలుగురి ముందట కూర్చొని పాడింది? మార్కుల లెక్క అందరూ అడుగుతరు. ఈ లెక్క అడిగేటోళ్లు లేరు.

తరగతి గది నేర్పేది సగమే. మృదంగం పిల్లగాడు ఆదితాళం పాఠం తప్పు లేకుండా ఒప్పజెప్తడు. కానీ పాడేటామె స్వరకల్పనలో ఎటు మలుగుతదో పసిగట్టి వెంట నడవడం కచేరీలోనే వస్తది. మైకులో తన గొంతు తనకే కొత్తగా వినబడ్డప్పుడు శ్రుతి జారకుండ నిలబడడమూ అంతే. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్‌గా ఎవరిని కూర్చోబెట్టిండ్రు? ఆదిభట్ల నారాయణదాసును. గజ్జె కట్టి హరికథతో సభను ఏలిన మనిషిని!

పుష్య బహుళ పంచమి నాడు త్యాగరాజ ఆరాధనలో పిల్లలంతా పంచరత్నాలు పాడుతరు. సంతోషమే. కానీ గుంపులో గొంతు కలపడం వేరు, వర్ణం నుంచి మంగళం దాకా ఒంటరిగా నడపడం వేరు. ఇక మంత్రిగారు వచ్చేదాకా ఎండల నిలబెట్టి స్వాగతగీతం పాడించడాన్ని అవకాశం అంటే మేం ఒప్పుకోం.

డబ్బున్నోళ్ల పిల్లకు హాలు, వాద్యబృందం, విందుతో అరంగేట్రం అయితది. ఆటో నడిపేటాయన బిడ్డకు చేతిల సర్టిఫికెట్ మిగులుతది. విద్యలో తేడా లేదు. తేడా అంతా హాలు కిరాయిలోనే. సర్కారు కళాశాల పెట్టింది ఈ తేడా చెరపడానికి కాదా?

పచ్చి పిందెను కోయొద్దని కొందరు గురువులు అంటరు. మంచిమాటే. మేం టికెట్టు కచేరీ అడుగుతలేం. అయినోళ్ల ముందట అరగంట అడుగుతున్నం. తప్పు పాడితే దిద్దుకునే వయసు అదే.

మా డిమాండ్లు పెద్దవి కావు. ప్రతి నెలా ఒక సాయంత్రం కళాశాల గేటు ఊరికి తెరవాలె. చిన్న తరగతి పిల్లలకు పెద్ద తరగతోళ్లు పక్కవాద్యం వాయించాలె. భద్రాచలం, యాదగిరిగుట్ట, వేములవాడ, బాసర ఉత్సవాల్లో విద్యార్థులకు ఒక గంట రాసిపెట్టాలె, బస్సు చార్జీలు, భోజనం ఇచ్చి పిలువాలె. 1961లో తలుపులు తెరిచిన రవీంద్రభారతిలో నెలకొక పూట కిరాయి లేకుండ ఈ పిల్లలకు వదలాలె.

దీనికి కొత్త భవనం అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. ఒక జంపఖానా, రెండు మైకులు, ఒక సర్క్యులర్ చాలు. ఆ సర్క్యులర్ మీద సంతకం పెట్టే చెయ్యి ఏది?