బెల్లం రంగు ఎవరు చెప్పాలి? పాత కెమెరా, కొత్త ఫోన్ మీద నా అభిప్రాయం



పైన వీడియోలో ఎడమవైపు కనిపిస్తున్న బెల్లం దిమ్మ 2007లో కొన్న నా పాత చిన్న డిజిటల్ కెమెరాతో తీసింది. కుడివైపుది ఇప్పటి ఫోన్‌తో తీసింది. రెండూ ఒకటే దిమ్మ. మా ఇంటి అరుగు మీదే పెట్టి, ఐదు నిమిషాల తేడాతో తీశాను. ఎడమవైపు కొత్త చింతపండు రంగులో ఉంది. కుడివైపు బంగారంలా మెరిసిపోతోంది. దిమ్మ చేత్తో పట్టుకుని చూస్తే ఎడమవైపు ఫొటోకే దగ్గరగా ఉంది. అయితే ఇది చూసి "పాత కెమెరాలే మంచివి" అని చెప్పడానికి నేను ఈ వ్యాసం రాయడం లేదు. చివరిదాకా చదవండి.

ఈ గొడవ నాకెందుకు పట్టిందో ముందు చెప్తాను. మాది ఎలమంచిలి దగ్గర. చెరకు, వరి వేస్తాం. యూరియా, పురుగుమందులు మానేసి జీవామృతం, ఘనజీవామృతంతోనే చేస్తున్నాం. బెల్లం వండేటప్పుడు హైడ్రోస్ వేయం. సున్నం, బెండకాడల జిగురు వాడి మడ్డి తీసేస్తాం, అంతే. అందుకే మా దిమ్మ ముదురుగా ఉంటుంది. అనకాపల్లి మార్కెట్‌కి తోలితే రంగు చూసి ధర కట్టేస్తారు, తెల్లగా ఉన్నదానికే గిరాకీ. ముదురు బెల్లం అంటే సారా బట్టీలకి పోయే సరుకని ఒక చెడ్డపేరు కూడా ఉంది. కాబట్టి నేరుగా తినేవాళ్లకే అమ్ముకుంటున్నాం. వాట్సాప్‌లో ఫొటో పెడతాం, డబ్బులు వేస్తారు, బస్సులో పార్సిల్ పంపుతాం.

సంక్రాంతి ముందు గాజువాక నుంచి ఒకావిడ అరిసెలకని పది కేజీలు తీసుకున్నారు. పార్సిల్ అందిన రోజు సాయంత్రమే ఫోన్ చేశారు. "ఏటి బాబూ, ఫొటోలో ఒక బెల్లం చూపించి ఇంకో బెల్లం పంపుతారా? ఫొటోలోది హైడ్రోస్ వేసిందా, లేకపోతే ఇది పాత సరుకా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆ ఫొటో మా అమ్మాయి కొత్త ఫోన్‌తో తీసింది. ఫిల్టర్ ఏమీ పెట్టలేదు, ఎడిట్ ఏమీ చేయలేదు. అయినా ఆవిడ అడిగిన మాటలో తప్పులేదు. హైడ్రోస్ వేసిన బెల్లానికి ఉండే రంగే ఆ ఫొటోలో ఉంది! వేయనిదాన్ని వేసినట్టు ఫోనే చూపించేసింది. డబ్బు తిరిగి ఇచ్చేశాను గానీ, "మీరు చెప్పేది ఎలా నమ్మడం?" అన్న మాట మాత్రం ఇంకా గుచ్చుకుంటోంది.

ఆ రాత్రే బీరువాలోంచి పాత కెమెరా తీసి, బ్యాటరీలు వేసి చూశాను. పనిచేసింది. అప్పటినుంచి రెండింటితోనూ అదే వస్తువుని పక్కపక్కన తీస్తూ వస్తున్నాను.

తేడా ఎక్కడుందో నాకు అర్థమైనంత వరకు చెప్తాను. ఇప్పుడు పట్నాల్లో కుర్రాళ్లు పాత డిజిటల్ కెమెరాలు వెతికి మరీ కొంటున్నారు. వాటిలో సీసీడీ సెన్సర్ ఉంటుంది, అందుకే రంగు అంత బాగుంటుంది అంటారు. ఇందులో సగమే నిజం. సీసీడీని 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టారు. 2009లో వాళ్లకి నోబెల్ బహుమతి కూడా వచ్చింది. చెరువు నుంచి మనుషులు వరసగా నిలబడి బిందెలు చేతులు మార్చినట్టు, వెలుగు వల్ల పుట్టిన కరెంటుని ఒక గడి నుంచి పక్క గడికి అందించుకుంటూ చివరికి ఒకచోట కొలుస్తుంది. ఇప్పటి ఫోన్లలో ఉండే సీమాస్ సెన్సర్ ఏ గడిలో పడినదాన్ని ఆ గడిలోనే కొలిచేస్తుంది. కరెంటు తక్కువ తింటుంది, వేగం ఎక్కువ, వీడియోకి అనువు. 2006లో వచ్చిన నికాన్ డీ40లో ఉన్నది ఆరు మెగాపిక్సెళ్ల సీసీడీ. రెండేళ్లకి, 2008లో, వచ్చిన డీ90లో సీమాస్ పెట్టారు. వీడియో తీసిన మొదటి డీఎస్ఎల్ఆర్ అదే.

కానీ సీసీడీ అయినా సీమాస్ అయినా ఆ గడులకి రంగు తెలియదు. వెలుగు ఎంత పడిందో మాత్రమే తెలుస్తుంది. వాటి మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం అద్దాలు గడికొకటి చొప్పున అమర్చి ఉంటాయి. కోడాక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్ ఆలోచన ఇది. 1976లో పేటెంట్ వచ్చింది. అందులో ప్రతి నాలుగు గడుల్లో రెండు ఆకుపచ్చవే, ఎరుపు ఒకటి, నీలం ఒకటి. మనిషి కన్ను పచ్చదనాన్నే బాగా పడుతుంది కాబట్టి అలా చేశారు. మిగతా రంగంతా లెక్కగట్టి నింపేదే. ఆ లెక్క ఎవరు ఎలా గట్టారన్న దాన్నిబట్టే ఫొటో రంగు ఉంటుంది.

తేడా అంతా ఈ లెక్క దగ్గరే వచ్చింది. నా పాత కెమెరా ఒక్క ఫొటో తీస్తుంది. తీసినదానికి దాని దగ్గరున్న లెక్క ఏదో గడుతుంది. బెల్లమైనా వరైనా మనిషి ముఖమైనా దాదాపు అదే లెక్క. ఎండ ఎక్కువైతే ఆకాశం తెల్లకాగితం అయిపోతుంది, చెట్టు కింద నీడ నల్లగా మూసుకుపోతుంది. కొత్త ఫోన్ అలా కాదు. మనం బటన్ నొక్కగానే కొన్ని ఫొటోలు కలిపి ఒకటి చేస్తుంది. నీడలు తేలుస్తుంది, ఆకాశం నీలం నిలబెడుతుంది. చాలా ఫోన్లలో ఎదురుగా ఉన్నది ఏమిటో గుర్తుపట్టే సౌకర్యం కూడా ఉంటుంది. పైరు అనుకుంటే పచ్చదనం పెంచుతుంది. తినే వస్తువు అనుకుంటే నోరూరేలా రంగు, వెలుగు పెంచుతుంది. మా బెల్లం బంగారం అయిపోయింది ఇక్కడే.

అలాగని పాత కెమెరా సత్యహరిశ్చంద్రుడేమీ కాదు. ఆటోలో పెట్టి దిమ్మని ఫ్రేము నిండా తీస్తే, "ఇంత గోధుమరంగేంటి, ఎక్కువైంది" అనుకుని రంగు తగ్గించి పాలిపోయినట్టు చూపించింది. పాత బల్బు వెలుగులో తీస్తే నారింజపండు అయిపోయింది. పొద్దుగూకాక తీస్తే ఇసుక చల్లినట్టు చుక్కలు. అదీ తప్పు చెప్తుంది. కాకపోతే ఎండ గుర్తు మీద సెట్ చేసి వదిలేస్తే ప్రతిసారీ ఒకే రకం తప్పు చెప్తుంది. ఐదు గ్రాములు ఎక్కువ చూపించే కాటా అయినా రోజూ అదే ఐదు గ్రాములు చూపిస్తే వ్యాపారం చేసుకోవచ్చు. ఎదురుగా ఉన్న సరుకుని బట్టి ముల్లు మార్చేసే కాటాతో ఏం చేస్తాం? నేను చెప్పదలచుకున్నది ఇంతే. రైతుకి కావలసింది అందమైన కెమెరా కాదు, నిలకడైన కెమెరా.

బెల్లం అమ్మకం దగ్గరే ఆగితే ఇంత రాసేవాడిని కాదు. పంట దగ్గర దీనివల్ల నష్టం ఎక్కువ. రాంబిల్లి వైపు మా బావమరిదికి యూరియా మానేసిన మొదటి ఏడాది. "బావా, మడి ఎలా ఉందో చూడు" అని ఫోన్‌లో ఫొటో పెట్టాడు. పచ్చగా కళ్లు చెదిరేలా ఉంది. "బాగుంది, ఏమీ అక్కర్లేదు" అన్నాను. పది రోజుల తర్వాత వెళ్లి చూస్తే కింది ఆకులు కొసల నుంచి పసుపు తిరిగి ఉన్నాయి. ముదురాకులు ముందుగా పసుపెక్కాయంటే నత్రజని చాలడం లేదని అర్థం. అక్కడే గట్టు మీద నిలబడి రెండింటితోనూ తీశాను. ఫోన్‌లో మడంతా పచ్చ. పాత కెమెరాలో పసుపు కనిపిస్తోంది. ద్రవజీవామృతం అప్పుడు పారించినా ఆ మడిలో పిలకలు తక్కువే వచ్చాయి. తప్పు ఫోన్ మీదకి తోసేయను. గట్టు ఎక్కకుండా సలహా చెప్పింది నేనే. కానీ మనలో ఎంతమంది ఇప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో ఫొటో చూసే తెగులు చెప్పేస్తున్నాం, కషాయం చెప్పేస్తున్నాం? వరిలో జింకు లోపానికి వచ్చే తుప్పు మచ్చలైనా, లేత ఆకు మొదట్లో ఈనె తెల్లబడటమైనా రంగు తేడాతోనే కదా పట్టుకునేది. ఆ తేడానే ఫోన్ సర్దేస్తే ఇంక మనం చూసేదేమిటి?

ఇంకో మాట. ఫోన్‌లో మామూలు కెమెరా కోణం బాగా వెడల్పు. గట్టు మీద వంగి తీస్తే ముందున్న దుబ్బు పెద్దగా, వెనక ఖాళీలు దగ్గరపడి మడి నిండుగా కనిపిస్తుంది. "చూడండి, ఎన్ని పిలకలో" అని వీడియోలు వస్తుంటాయి. పిలకలు లెక్కపెట్టి చెప్పాలి గానీ, కోణంతో కాదు.

మనకి దగ్గర్లోనే ఉన్న ఏటికొప్పాక సంగతి కూడా చూడండి. అంకుడు కర్ర మీద లక్కతో, పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల్లాంటి వాటి రంగులతో బొమ్మలు చేస్తారు. రసాయన రంగులు వదిలి సహజ రంగుల్ని మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. వీడియో చివర మా ఇంట్లో ఉన్న ఏటికొప్పాక బొమ్మ పెట్టాను, చూడండి. ఆ మెత్తటి ఎరుపుని ఫోన్ పట్టుకెళ్లి ప్లాస్టిక్ బొమ్మ ఎరుపు చేసేసింది. ఎన్నో ఏళ్లు కష్టపడి తెచ్చుకున్న రంగు ఒక్క క్షణంలో పోయింది. మన పంటదీ అదే కథ. రసాయనం లేని రంగు ఇలా ఉంటుందని జనానికి అలవాటు చేయాల్సింది మనమే. మనమే రసాయనపు రంగు చూపిస్తే అడిగేవాళ్లకి ఏం జవాబు చెప్తాం?

"రంగు బాగుంటేనే వీడియో చూస్తారు కదా" అని మా అమ్మాయే నాతో వాదించింది. నిజమే, చూస్తారు. కానీ గాజువాక ఆవిడ కూడా చూసే కొన్నారు. చూసినవాళ్లు సరుకు చేతికొచ్చాక మళ్లీ కొంటేనే మనకి వ్యాపారం.

మరి ఏం చేయాలి? పాత కెమెరాలు కొనమని నేను చెప్పను. బ్యాటరీలు దొరకవు, కార్డులు దొరకవు, చీకటి పడితే పనికిరావు. పురుగుని దగ్గరగా చూపించడానికైనా, వీడియోకైనా, వెంటనే పంపడానికైనా ఫోనే మేలు. ఆ ఫోన్‌ని పాత కెమెరాలా వాడదాం.

మొదటిది, కెమెరా సెట్టింగుల్లో సీన్ గుర్తించే ఏఐ, ఫుడ్ మోడ్, బ్యూటీ లాంటివి ఆపేయండి. ప్రో మోడ్ ఉంటే వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకండి. ఎండలో 5500 దగ్గర, నీడలో 7000 దగ్గర పెట్టి, ఎప్పుడూ అదే ఉంచండి.

రెండోది, చోటు, వేళ మార్చకండి. నేను బెల్లం ఫొటో ఉదయం తొమ్మిదింటికి అరుగు నీడలోనే తీస్తున్నాను. ఆకు ఫొటో అయితే పూర్తిగా విచ్చుకున్న పై ఆకు మధ్య భాగాన్ని మన ఒంటి నీడలో పెట్టి తీయాలి. వరి ఆకు రంగుల పట్టికతో చూసేవాళ్లకి ఈ పద్ధతి తెలిసే ఉంటుంది. ఆ పట్టిక యూరియా ఎప్పుడు వేయాలో చూడటానికి చేసిందే గానీ, జీవామృతం ఎప్పుడు పారించాలో తెలుసుకోవడానికి మనకీ పనికొస్తుంది. ఒక్క ఆకుతో తేల్చేయకుండా పది ఆకులు చూడండి.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. కొనేవాళ్ల ఇంట్లో కూడా ఉండే వస్తువు ఒకటి ఫొటోలో పెట్టండి. నేను బెల్లం పక్కన 2018లో వచ్చిన కొత్త పది రూపాయల నోటు, నలగనిది, పెడుతున్నాను. అది చాక్లెట్ రంగు. "మీ చేతిలో పది నోటు పట్టుకుని ఫొటోలో నోటుతో పోల్చి చూడండి. రెండూ ఒకలా లేకపోతే ఫొటో తప్పు చెప్తున్నట్టే" అని కింద రాస్తున్నాను. ఫోన్ స్క్రీన్ వివిడ్‌లో ఉంటే అది కూడా రంగు పెంచేస్తుంది, నోటు ఉంటే ఆ సంగతీ బయటపడుతుంది. ఆకు ఫొటోకి కొత్త ఇరవై నోటు పెట్టొచ్చు, పసుపు కలిసిన ఆకుపచ్చ అది. బావమరిది ఇప్పుడు అలాగే పంపుతున్నాడు.

ఈ పద్ధతి మొదలుపెట్టాక గాజువాక ఆవిడకి నోటు పక్కన పెట్టిన ఫొటో ఒకటి పంపాను, కొనమని అడగలేదు. రెండు రోజులకి "ఈసారి మూడు కేజీలే పంపండి బాబూ, చూస్తాను" అని మెసేజ్ వచ్చింది. ఆ మూడు కేజీలూ నిన్న బస్సులో వేశాను. దిమ్మ రంగు ఫొటోలో ఉన్నట్టే ఉంది. ఆవిడ ఏమంటారో వచ్చే వీడియోలో చెప్తాను.

ఉంటాను. మీ ఎలమంచిలి రైతు.