పండు తూకం మనది, రసం లెక్క వాళ్ళది

క్వింటాలు ద్రాక్షకు రసం ఎంత? పటాన్‌చెరు ఫ్యాక్టరీ గేటు ముందు పనికోసం నిలబడ్డ కూలీకి ఈ ప్రశ్న వింతగా తోచవచ్చు. కాని ఒకప్పుడు హైదరాబాదు చుట్టూ, రంగారెడ్డి, మెదక్ జిల్లాల్లో అనాబ్-ఎ-షాహి పందిళ్ళ కింద గుత్తులు కోసింది మన కూలీ జనమే. లెక్క తెలియకపోతే దోపిడీ కనబడదు. అందుకే చెప్తున్నాం.

నూరు కిలోల గుత్తుల్లో కాడల కింద మూడు నుంచి అయిదు కిలోలు పోతాయి. నలిపి పిండితే తొక్క, గింజ, పిప్పి మిగిలి 60 నుంచి 70 లీటర్ల రసం దిగుతుంది. చేత్తో పిండితే తక్కువ, యంత్రంతో ఎక్కువ. పులిసినాక అడుగు మడ్డి తీసేస్తే దాదాపు 60 లీటర్లు నిలుస్తుంది. అంటే ముప్పావు లీటరు సీసాలు 80. సీసాకు కిలోంపావు పండు! ఆ సీసా ధరలో తోటకు ఎంత వస్తున్నదో, కోత కూలీకి ఎంత దక్కుతున్నదో ఎవరికి వారు లెక్క కట్టుకోవచ్చు.

పండుగకని పది కిలోలు ఇంట్లో పులియబెడితే ఆరు లీటర్లవుతుంది. కాని లైసెన్సు లేకుండా చేస్తే 1968 నాటి ఎక్సైజు చట్టం ఒప్పుకోదు. అదే మహారాష్ట్రలో 2001లో ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చి వైన్ కంపెనీలకు రాయితీలిచ్చారు. పేదవాడికి చట్టం, పెట్టుబడికి ప్రోత్సాహం!

మన సంగారెడ్డి చెరకు రైతు సంగతి చూడండి. 2025-26 సీజనుకు 10.25 శాతం రికవరీ మీద క్వింటాలుకు 355 రూపాయలని కేంద్రం ప్రకటించింది. రికవరీ 0.1 శాతం పెరిగితే 3.46 రూపాయలు అదనం. ఆ ధర చాలదు, నిజమే. అయినా నిలదీయడానికి చేతిలో ఒక అంకె ఉన్నది. ద్రాక్ష రైతుకు అదీ లేదు. మద్దతు ధర లేదు, రసాన్ని బట్టి, తీపిని బట్టి రేటు కట్టే చట్టమూ లేదు. దళారి చెప్పిందే వేదం.

మరి పందిళ్ళు ఏమైనాయి? బోర్లు ఎండినాయి, భూములు ప్లాట్లయినాయి. నక్కవాగులో ఫ్యాక్టరీల విషం పారి పొలాలు చెడితే 1990లో సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. తోట పోయినచోట కూలీ కాంట్రాక్టు కార్మికుడయ్యాడు.

కనుక మనం అడగవలసింది స్పష్టం: పండుకు రసం, తీపి లెక్కన కనీస ధర, రైతు కళ్ళ ముందే పరీక్ష, పిండే యంత్రాలు సహకార సంఘాల చేతికి, ధర పెరిగితే కూలి రేటూ పెరగాలి. రైతు, కూలీ కలిసి అడిగితేనే ఈ లెక్క తేలుతుంది.