పక్షి కాలి కడియం మీద ఏముంది?

పిల్లలూ! కూచిపూడి పేరు వినగానే కాలి గజ్జెలు గుర్తుకొస్తాయి. ఆ ఊళ్ళో బస్సెక్కితే బందరు ఎంతో దూరం కాదు. శీతకాలంలో ఒక ఉదయం గిలకలదిండి చేపల రేవులోనో, మంగినపూడి ఇసుక మీదో నిలబడి చూడండి. కాలికి కడియం తొడుక్కున్న పక్షి కూడా మీ కంట పడవచ్చు. ఆ కడియం అలంకారం కాదు. ఎక్కడో దూరదేశంలో ఒక శాస్త్రజ్ఞుడు దాని కాలికి కట్టి పంపిన చిరునామా అది. దాన్ని చదివి, రాసి పంపే పనిలో పెద్దల కంటే మీరే గట్టివాళ్ళని నా నమ్మకం. పెద్దవాళ్ళు రేవుకు వెళితే చేపల బేరం చూస్తారు. పక్షి కాళ్ళు చూసే తీరిక మీకే ఉంది!

చేపల పడవల చుట్టూ అరుస్తూ తిరిగే తెల్లని పక్షులే సీగల్‌లు. మన తీరానికి వచ్చేవాటిలో గోధుమరంగు తల సీగల్ ఒకటి. ఇది టిబెట్ పీఠభూమి మీది సరస్సుల దగ్గర, మన లడాఖ్‌లోనూ గుడ్లు పెట్టి పిల్లలను చేస్తుంది. అక్కడ చలి ముదిరే వేళకు హిమాలయాలు దాటి దక్షిణానికి బయలుదేరుతుంది. మనకు శీతకాలపు అతిథి. అయితే పేరును నమ్మి గోధుమరంగు తల కోసం వెతికితే మోసపోతారు సుమా! చలికాలంలో దాని తల తెల్లగా ఉంటుంది, కంటి వెనక ఒక నల్లని మచ్చ మాత్రం మిగులుతుంది. తిరుగు ప్రయాణం దగ్గర పడుతుండగా తలకు మళ్ళీ రంగు వస్తుంది.

పక్షులు ఇంత దూరం పోతాయని ఒకప్పుడు ఎవరికీ తెలియదు. చలికాలంలో అవి ఏ బురదలోనో దాక్కుంటాయని అనుకునేవారు. 1822లో జర్మనీలో ఒక కొంగ దొరికింది. దాని మెడలో ఆఫ్రికా బల్లెం ఒకటి గుచ్చుకుని ఉంది! పాపం, ఆ గాయంతోనే అది అంత దూరం ఎగిరి వచ్చింది. ఆ బల్లెమే అది ఎక్కడ చలికాలం గడిపిందో చెప్పింది. పక్షిని గాయపరచకుండా అదే సంగతి తెలుసుకోవాలంటే ఎలా? 1899లో డెన్మార్కులో మార్టెన్సెన్ అనే బడిపంతులు దారి చూపాడు. గోరువంక జాతి పిట్టల కాళ్ళకు తేలికైన అల్యూమినియం కడియాలు తొడిగి, వాటి మీద అంకె, ఊరి పేరు చెక్కాడు.

మన దేశంలో ఈ పని ఎక్కువగా చేసింది 1883లో పుట్టిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ. దాని కడియం మీద ఒక అంకెతో పాటు, మాకు తెలియజేయండి అని ఆంగ్లంలో ఉంటుంది. 1957లో కర్ణాటకలోని షిమోగా జిల్లాలో కోతుల జ్వరం బయటపడింది. రష్యాలోని ఒక జ్వరానికీ దీనికీ పోలికలున్నాయి. వలసపక్షుల ఒంటి మీది పిడుదులు అక్కడి నుంచి దీన్ని మోసుకొచ్చాయా అన్న అనుమానం కలిగింది. దానితో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయం తీసుకుని సలీం అలీ బృందం పెద్ద ఎత్తున కడియాలు తొడగడం ప్రారంభించింది. ఈ కథ నేటికీ పాతబడలేదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళఫారాలలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు వేల కోళ్ళు పోయాయి. వలసపక్షులే తెచ్చాయని నింద వేయడం తేలిక. ఏ పక్షి ఎక్కడి నుంచి, ఏ నెలలో, ఏ దారిన వస్తుందో తెలియకుండా ఆ మాట ఎలా అనగలం?

మరి కడియం తొడిగితే సరిపోతుందా? పోదు. ఎవరో ఒకరు దాన్ని మళ్ళీ చూడాలి. చిన్న పిట్టల విషయంలో వందకు ఒక్క కడియం కూడా తిరిగి కనబడదు. పసిఫిక్ సముద్రంలోని మిడ్వే దీవిలో 1956లో రాబిన్స్ అనే శాస్త్రజ్ఞుడు ఒక ఆల్బట్రాస్ పక్షికి కడియం వేశాడు. 2002లో అదే దీవిలో అదే పక్షిని మళ్ళీ పట్టుకున్నది కూడా ఆయనే! 46 ఏళ్ళ నాటి పుస్తకంలో అంకె ఉండబట్టే అది పాత నేస్తమని తెలిసింది. దానికి విజ్‌డమ్ అని పేరు పెట్టారు. 70 ఏళ్ళు దాటాక, 2024లో కూడా అది గుడ్డు పెట్టింది. అంకె రాసిపెట్టకపోతే సముద్రపు పక్షి అంతకాలం బతుకుతుందని మనకెలా తెలిసేది?

నాకు బాధ కలిగించేది మరొకటుంది. కడియం కనబడితే కొందరు భయపడతారు, శత్రుదేశపు గూఢచారి అంటారు. 2013లో ఈజిప్టులో పరికరం తగిలించిన కొంగను ఒకాయన పట్టుకెళ్ళి పోలీసులకు అప్పజెప్పాడు. మన ముంబైలో 2023 మే నెలలో కాళ్ళకు కడియాలున్న ఒక పావురాన్ని పట్టుకుని ఎనిమిది నెలలు బంధించారు. తీరా చూస్తే అది తైవాన్ నుంచి దారి తప్పిన పందెపు పావురం! 2024 జనవరిలో వదిలిపెట్టారు. నన్నడిగితే, తెలియని అంకె కనబడితే ముందు చదవాలి, అనుమానపడడం తరవాత. పోలీసులకు చెప్పవద్దని కాదు, శాస్త్రజ్ఞులకు కూడా చెప్పమంటున్నాను.

ఇంకొందరు కడియం మీద మోజుతో పక్షిని పడతారు. ఇది మరీ తప్పు. కడియం ఊడదీస్తే ఆ పక్షి చిరునామా పోయినట్టే. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షులను పట్టడం నేరం. దూరం నుంచే చూడండి. సీగల్‌లు ఇసుక మీద గాలికి ఎదురుగా నిలబడతాయి, ఒక కాలు పొట్టలోకి ముడుచుకుంటాయి కూడా. అంచేత ఓపిక కావాలి. బైనాక్యులర్ లేకపోతే ఇంట్లో సెల్‌ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. లోహపు కడియం మీది అంకెలు చిన్నవి, చదవడం కష్టం. రంగు ప్లాస్టిక్ కడియాల మీది అక్షరాలు పెద్దవి.

ఏ కాలికి, ఏ రంగు, ఏ అక్షరాలు, ఒకటి కంటే ఎక్కువుంటే పై నుంచి కిందికి ఏ వరుసలో అన్నది రాయాలి. మోకాలికి పైనా, కిందా అన్నది కూడా ముఖ్యమే. (మనం పక్షి మోకాలనుకునేది నిజానికి దాని చీలమండ!) అక్షరం సరిగా కనబడకపోతే ఊహించి రాయకండి, చుక్క పెట్టి వదిలేయండి. తప్పు అంకె వల్ల ఒక పక్షి కథ ఇంకో పక్షికి అంటుకుంటుంది. తేదీ, వేళ, చోటు రాయండి. చచ్చిన పక్షి కనబడితే చేత్తో ముట్టుకోవద్దు, మేష్టారికో పశువైద్యునికో చెప్పండి.

సముద్రం దూరమైన మొవ్వ, పామర్రు పిల్లలు నిరుత్సాహపడనక్కరలేదు. వరి చేలలో దిగే కొంగలకు, కొల్లేటి బాతులకు కూడా కడియాలుండవచ్చు. ప్రతి బడిలో ఒక పక్షుల పుస్తకం ఉంచి, కడియం లేనివాటిని కూడా తేదీ వేసి రాస్తే మంచిదని నా అభిప్రాయం. కడియం చూస్తే మాత్రం ఆ పేజీ నకలు, ఫొటో కలిపి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ, హార్న్‌బిల్ హౌస్, షహీద్ భగత్ సింగ్ రోడ్, ముంబై 400001 అన్న చిరునామాకు పంపండి. వేరే దేశపు కడియమైనా ఫరవాలేదు. జవాబుకు కొంత కాలం పట్టవచ్చు. వచ్చినప్పుడు అట్లాసు దగ్గర పెట్టుకోండి, ఆ పక్షికి కడియం తొడిగిన ఊరు వెతకాల్సి ఉంటుంది.