డాండెలియన్‌ని డాండెలియనే మింగేస్తోంది

మన బ్రాంచిలో మెషిన్ లెర్నింగ్ మొదలుపెట్టిన ప్రతివాళ్ళూ ఒక్కసారైనా టెన్సర్‌ఫ్లో ట్యుటోరియల్‌లోని పువ్వుల డేటాసెట్ రన్ చేసి ఉంటారు. అందులో ఐదే లేబుల్స్: డైసీ, డాండెలియన్, గులాబీ, పొద్దుతిరుగుడు, ట్యూలిప్. డాండెలియన్ అంటే తెలుసు కదా, ఊదితే చిన్న చిన్న గొడుగుల్లా విత్తనాలు ఎగిరిపోయే తెల్ల బంతి. మన రోడ్ల పక్కన జిల్లేడు కాయ పగిలితే దూది ఎగురుతుంది చూడండి, అదే టెక్నిక్. అమెరికాలో అయితే ఇది ఇంటి ముందు లాన్‌ని పాడుచేసే కలుపు మొక్క, దాన్ని చంపే మందులు షాపుల్లో అమ్ముతారు.

అలాంటి మొక్కని కాపాడాలి అంటే ఎవరైనా నవ్వుతారు. కానీ 1998లో అమెరికా ప్రభుత్వం ఒక డాండెలియన్‌ని అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతుల లిస్టులో పెట్టింది. పేరు కాలిఫోర్నియా డాండెలియన్. ప్రపంచం మొత్తంలో అది సొంతంగా పెరిగేది దక్షిణ కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో కొండల్లోనే. అక్కడ కూడా కొండంతా ఉండదు. దాదాపు రెండు వేల మీటర్లు దాటిన ఎత్తులో, పైన్ అడవి మధ్య చెట్లు లేని తడి పచ్చిక బయళ్ళు అక్కడక్కడా ఉంటాయి. మంచు కరిగాక కూడా నేల కొన్నాళ్ళు చెమ్మగా ఉండే జాగాలు. చుట్టూ పొడి నేల, మధ్యలో చిన్న తడి ముక్క. అదే దాని ఇల్లు.

లాస్ ఏంజెలెస్ వైపు ఉండే మన తెలుగువాళ్ళు పిల్లలకి మంచు చూపించడానికి వెళ్ళే బిగ్ బేర్ లేక్ ఉన్నది కూడా ఈ కొండల్లోనే. అది సహజమైన చెరువు కాదు. కింద రెడ్‌లాండ్స్‌లో తోటలకి నీళ్ళు కావాలని 1884లో ఆనకట్ట కట్టారు, 1912లో ఇంకా ఎత్తైనది కట్టారు. నీళ్ళు నిలిచిన లోయలో పచ్చిక బయళ్ళు మునిగిపోయాయి. మిగిలిన వాటి చుట్టూ రోడ్లు, రిసార్టులు, వీకెండ్ ఇళ్ళు వచ్చాయి. ఇదంతా మనం ఎక్కడైనా వినే కథే.

వినని కథ ఇంకోటుంది. ఇళ్ళతో పాటు యూరప్ నుంచి వచ్చిన మామూలు డాండెలియన్ కూడా కొండెక్కింది. రెండూ దగ్గర చుట్టాలు కాబట్టి కలిసి సంకర మొక్కలు పుడుతున్నాయి. పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది: మామూలు దాని ఆకు రంపంలా లోతుగా చీలి ఉంటుంది, పువ్వు ముదురు పసుపు, పువ్వు కింది చిన్న పచ్చ రేకులు కిందికి వంగి ఉంటాయి. కొండ మొక్క ఆకుకి చీలికలు తక్కువ, పువ్వు లేత పసుపు, ఆ పచ్చ రేకులు నిటారుగా ఉంటాయి. సంకర మొక్క ఈ రెండిటి మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఇక ఏది ఏదో ఎలా చెప్తాం?

నాకు నిజంగా అన్యాయం అనిపించింది ఇక్కడే. మామూలు డాండెలియన్ ఎక్కువ శాతం పరాగసంపర్కం లేకుండానే విత్తనం కడుతుంది. అంటే తల్లిని కాపీ పేస్ట్ చేసినట్టు. కాబట్టి ఈ కలయికలో అది పోగొట్టుకునేది దాదాపు ఏమీ లేదు. కొండ మొక్కే కొంచెం కొంచెంగా మాయమవుతుంది. మొక్క చావదు, పచ్చిక ఎండదు, ఫోటో తీస్తే పసుపు పువ్వులు నిండుగా కనిపిస్తాయి. మన మోడల్ కూడా ధీమాగా "డాండెలియన్" అనే చెప్తుంది. జాతి మాత్రం ఉండదు.

కలవడం ప్రకృతి సహజం కదా, ఎందుకింత గోల అని మా రూమ్‌మేట్ అడిగాడు. నేను రాస్తున్న ఈ తెలుగే సగం ఇంగ్లీషు, నేనే స్వచ్ఛత గురించి మాట్లాడితే బాగోదు. కానీ నా గొడవ కలవడం మీద కాదు, లెక్క మీద. ఒకవైపు ఖండాలన్నీ ఆక్రమించిన మొక్క, ఇంకోవైపు కొన్ని తడి ముక్కలు. పైగా కలిపింది గాలి కాదు, మనం వేసిన రోడ్లు, లాన్‌లు.

"దాని వల్ల ఉపయోగం ఏంటి?" అనే ప్రశ్న కూడా ఉంది. కజకిస్తాన్ కొండల్లో దీనికి ఇంకో చుట్టం ఉంది, దాని వేళ్ళ నుంచి 1930లలో సోవియట్‌లు రబ్బరు తీశారు. కావాలంటే ఆ ఉదాహరణ చూపించి గెలవచ్చు. కానీ నాకు ఆ వాదన ఇష్టం లేదు. ప్లేస్‌మెంట్ వస్తేనే మనిషి అన్నట్టుంటుంది.

నాకు కోపం తెప్పించేది చట్టంలో ఉన్న తేడా. అదే ఫెడరల్ చట్టం కింద లిస్టులో ఉన్న పక్షి మీ సొంత స్థలంలో గూడు కట్టినా దాన్ని చంపడం నేరం. మొక్క అయితే అలా కాదు, పీకకూడదనే నిషేధం ప్రధానంగా ఫెడరల్ భూముల్లోనే. ప్రైవేటు స్థలంలో ఉంటే, రాష్ట్ర చట్టం ఏదీ అడ్డు రాకపోతే, యజమాని ఇష్టం. ఈ డాండెలియన్ ఉండే పచ్చికల్లో కొన్ని ప్రైవేటు స్థలాల్లోనే ఉన్నాయి. వేరుతో నేలకి అంటుకుని, పారిపోలేని ప్రాణికి తక్కువ రక్షణ, ఎగిరిపోగలిగేదానికి ఎక్కువ. ఈ క్లాజ్ మార్చమని అడగడం అతి అని నాకైతే అనిపించట్లేదు.